నీళ్ళు చూడటానికి సముద్రం దాకా

రైలు సొరంగంలో దూరిన ప్రతిసారీ మా మేనత్త ఒక చేత్తో నా మణికట్టునీ, ఇంకో చేత్తో ఒళ్ళో ఉన్న ఇత్తడి చెంబునీ గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంటోంది.

"ఇంకెన్ని ఉన్నయే ఈ బొక్కలు?"

"ఇదే ఆఖరుది అత్తా."

ఆ మాట అప్పటికే చాలాసార్లు చెప్పాను. ఇక నన్ను నమ్మడం మానేసింది. సొరంగం దాటి వెలుతురు రాగానే కిటికీ పక్కనే పాతాళంలా లోయ కనిపించేది. అది చూసి నా చెయ్యి ఇంకా గట్టిగా నొక్కేది. చీకట్లో ఒక భయం, వెలుతుర్లో ఇంకో భయం. ఎదురు సీట్లో మా నాయన మాత్రం అరకులో కొన్న పనస తొనలు ఒక్కొక్కటే తింటూ, గింజలు లెక్కగా రుమాల్లో కట్టుకుంటున్నాడు. ఇంటికి తీసుకెళ్ళి నాటుతాడట.

మధ్యాహ్నం నాలుగు దాటింది. నాయన పక్కన ఒకావిడ కూర్చుంది. భర్తకి కిరండూల్ గనుల్లో పని, పుట్టిల్లు శ్రీకాకుళం వైపు. జగదల్పూర్ నుంచీ మాతో మాట్లాడుతూనే ఉంది. మేం భీమిలి వైపు వెళ్తున్నామని చెప్పగానే నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఇప్పుడేటి సముద్రానికి ఎల్తన్నారు? తుపానంట కదా!"

ఫోన్ తీసి చూపించింది. నీలం మీద తెల్లగా సుడి తిరుగుతోంది, పిండి కలిపినట్టు.

"ఇది ఏడున్నది తల్లీ?" అంది అత్త.

"మనకి చాలా దూరం. బెంగాల్ వైపు పోతాదంట. అయినా సముద్రం ఊరుకోదు. దగ్గరికి మాత్రం ఎల్లకండి."

అత్త కిటికీలోంచి ఆకాశం చూసింది. మబ్బు తునక లేదు. చెట్ల మీద ఆకు కదలడం లేదు. "మబ్బు లేకుండ, గాలి లేకుండ తుఫానేంది? ఆ ఫోన్లకు పని లేదు" అని చెంబు సర్దుకుంది.

మా వైపు నుంచి ఎవరైనా సముద్రం దాకా వెళ్ళాలనుకుంటే పనికొస్తుందని దారి వివరంగా రాస్తున్నాను. కానీ మేం వెళ్ళింది సముద్రం చూడటానికి కాదు, నీళ్ళు చూడటానికి. ఆ తేడా ముందు చెప్పాలి.

మాది బీజాపూర్ జిల్లా ఆవపల్లి. మా ఊళ్ళ వైపు పిల్లను ఇచ్చే ముందు పిల్ల తరఫు పెద్దావిడ ఒకరు అబ్బాయి ఊరికి పోయి నీళ్ళు చూడాలి. పెళ్ళయ్యాక పిల్ల ఏ నీళ్ళకు బిందె పట్టుకుని పోతుందో, అక్కడికి సొంత చెంబుతో పోయి, కాళ్ళు తడుపుకుని, చెంబు ముంచి ఒక గుక్క తాగాలి. ఒడ్డు జారుతుందా, ఎండాకాలం నీళ్ళు నిలుస్తాయా, దారిలో నీడ ఉందా, అన్నీ చూసుకుని ఇంట్లోకొచ్చి "నీళ్ళు చూసిన" అనాలి. ఆ మాట అనేదాకా ఆ ఇంట్లో మెతుకు ముట్టకూడదు. అనకుండా లేచి వచ్చేస్తే సంబంధం లేనట్టే. ఎందుకని ఎవరూ అడగరు.

ఇప్పుడు బోరింగులొచ్చాయి కాబట్టి బోరింగు కొట్టి చూసినా చెల్లుతుంది. మా చిన్నాన్న కూతురి సంబంధానికి మా అత్త బీజాపూర్‌లో బోరింగు కొట్టి, పిడి బరువుగా ఉందని, మార్పిస్తే గానీ మాట చెప్పనని అక్కడే కూర్చుంది. మార్పించారు కూడా.

ఈసారి సంబంధం నాది. అబ్బాయి పేరు నూకరాజు. మా ఊరి అవతల వంతెన కడుతున్నప్పుడు ఇనుప చువ్వలు కట్టే పనికి వచ్చాడు. రెండు వానాకాలాలు మా దగ్గరే ఉన్నాడు. మా బోరింగుకే నీళ్ళకొచ్చేవాడు. "ఏటి, అలాగేటి" అని అతను మాట్లాడుతుంటే నాకు నవ్వాగేది కాదు. అలా నవ్వీ నవ్వీ ఇక్కడిదాకా వచ్చింది వ్యవహారం. వాళ్ళది భీమిలి దాటాక సముద్రం ఒడ్డున చిన్న జాలర్ల పల్లె.

నాయనకు అతనంటే ఇష్టమే. పనిమంతుడు, తాగడు. కానీ అంత దూరం, భూమి లేదు, చేపలు పట్టే ఇల్లు. ఇటు చూస్తే చర్ల వైపు నుంచి ఇంకో సంబంధం వచ్చింది. నాలుగెకరాలు, బోరు. వాళ్ళు జవాబు కోసం చూస్తున్నారు.

"పోయి చూసొద్దాం" అన్నాడు నాయన. "మీ అత్త నీళ్ళు చూసిన అంటే సరే. అనకపోతే వచ్చినంక చర్లకు ఫోన్ చేస్త. మళ్ళ నువ్వు ఏడవొద్దు."

సరేనన్నాను. ఆ రోజు నుంచి పొద్దున, సాయంత్రం మా అత్తకు కాళ్ళు పిసుకుతూనే ఉన్నాను.

తునికాకు కోత అయిపోయి, తొలకరి ఇంకా పడని రోజులు మాకు తీరిక. అమ్మను మేకల దగ్గర వదిలి ముందు రోజు ఏడు గంటల బస్సుకు బయల్దేరాం. చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపి సంచులన్నీ చూశారు. కొత్త జవాను ఒకతను అత్త చెంబు తిప్పి తిప్పి చూసి, "ఇస్మే క్యా హై అమ్మా?" అన్నాడు. "ఏం లేదు నాయనా, నీళ్ళ కోసం పోతున్న" అంది అత్త. ఆవపల్లి నుంచి నీళ్ళ కోసం బస్సెక్కుతున్నావా అని పక్కనున్న మా ఊరి జవాను నవ్వి వదిలేశాడు.

బీజాపూర్‌లో టీ, భజియా. అక్కడి నుంచి గీదం బస్సు, ఎండలో రెండున్నర గంటలు పైనే. గీదంలో మా చిన్నమ్మ ఇల్లుంది కాబట్టి రాత్రి అక్కడ పడుకున్నాం. మీకు అక్కడ ఎవరూ లేకపోతే దంతెవాడలో దిగి గది తీసుకోండి. పొద్దున కిరండూల్ నుంచి వచ్చే విశాఖ ప్యాసింజరు ఎక్కితే సాయంత్రం దాకా రైల్లోనే. టికెట్టు చవక. అన్నం మూట తప్పకుండా కట్టుకోండి, జగదల్పూర్ దాటాక సరైన తిండి దొరకదు. అరకు నుంచి కిందికి దిగేటప్పుడు ఎడమవైపు కిటికీ బాగుంటుంది, మా అత్త లాంటి వాళ్ళు పక్కన లేకపోతే.

విశాఖలో దిగి స్టేషన్ దగ్గరే ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. మర్నాడు ఏడింటికి బస్ కాంప్లెక్స్‌లో భీమిలి బస్సెక్కాం. సముద్రం పక్కనే రోడ్డు.

మొదటిసారి చూసినప్పుడు నాకది నీళ్ళలాగే కనపడలేదు. దూరంగా గీత గీసినట్టు నిమ్మళంగా ఉంది, ఒడ్డుకొచ్చేసరికి మాత్రం ఒక గోడ లేస్తోంది. గోడ వెనక గోడ. పైన ఎండ ఫెళ్ళున కాస్తోంది, గాలి ఉక్కగా ఆగిపోయింది. అంత మంచి ఎండలో అంత కోపం ఎందుకో అర్థం కాలేదు. రాళ్ళ మీద పడినప్పుడల్లా నీళ్ళు రోడ్డు దాకా ఎగిరి బస్సు అద్దాల మీద చిమ్మాయి. ఇసుక పొడుగునా ఎర్రజెండాలు, తాళ్ళు కట్టి ఉన్నాయి.

"ఎవరూ నీళ్ళలో దిగకండి, ఎర్రజెండాలు కట్టేరు" అని కండక్టర్ ప్రతి స్టాపులో అరుస్తున్నాడు.

నాయన చేత్తో అద్దం తుడిచి చూశాడు. తర్వాత, "పైన కొండల్ల వాన పడితే మన వాగు ఎండల గూడ వస్తది గదా, గట్లనేమో" అన్నాడు. మా వైపు బైలడిల్లా కొండల్లో వాన పడితే కింద మాకు చినుకు లేకుండానే వాగు పొంగుతుంది. సరిగ్గా అదే. ఆ మాట మా అత్త చెవిలో కూడా పడి ఉంటే బాగుండేది. ఆమె అప్పటికే బస్సు ఊపుకి నిద్రపోయింది.

భీమిలిలో నూకరాజు ఆటోతో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చెమట.

"బాగా వొచ్చీసేరా మావయ్యా?"

"అప్పుడే మావయ్య అనకు. నీళ్ళు చూడనీ" అన్నాడు నాయన.

నూకరాజు నావైపు చూసి తల గోక్కున్నాడు. ఆటోలో నేను అతని పక్కకు చూడకుండా, చూసినట్టు కూర్చున్నాను.

పల్లె చేరేసరికి పదైంది. తుఫాను కబురుతో పడవలన్నీ రోడ్డు మీదికి లాగి కరెంటు స్తంభాలకు తాళ్ళతో కట్టేశారు. ఆటో వాటి మధ్యలోంచి మేకపిల్లలా దూరింది. నూకరాజు వాళ్ళ ఇల్లు ఒడ్డు వైపు మొదటి వరసలో ఉంది. సిమెంటు రేకులు, నీలం రంగు గోడలు, ముందర సరుగుడు చెట్లు నాలుగు. కెరటం పడినప్పుడల్లా కాళ్ళ కింద గచ్చు అదిరింది. గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. వాళ్ళెవరూ అది పట్టించుకోలేదు. మేం ముగ్గురం ప్రతిసారీ గూటివైపు చూశాం.

నూకరాజు వాళ్ళమ్మ పోలమ్మ. మనిషి పొడుగు, గొంతు ఇంకా పొడుగు. "రండి వొదినా, రండన్నయ్యా! ఎంత దూరం నించి వొచ్చేరో. ఈ గుంటేనా? ఓలమ్మ, ఫోటోలో నల్లగా కనిపించినాది!" అని నా గడ్డం పట్టుకుంది. అతని తండ్రి అరుగు మీద వల కుట్టుకుంటూ తలూపాడు. ఆ రోజంతా ఆయన గొంతు నేను ఒక్కసారే విన్నాను.

నాయన రైతు కదా, ముందు నేల చూశాడు. ఇంటి ముందు సరుగుడు చెట్లు, ఆ వెంటనే ఇసుక తెగి మనిషెత్తున గట్టు పడిపోయి ఉంది.

"ఈ ముందట ఏముండె?"

"ఇంకో వరస ఇళ్ళుండీవి అన్నయ్యా" అంది పోలమ్మ. "సముద్రం తీసికెళిపోనాది."

"అమ్మా!" అన్నాడు నూకరాజు.

"ఏట్రా? ఉన్నది చెప్పొద్దా? రేపు పిల్ల వొచ్చాక తెలీదేటి? రోడ్డు కవతల కాలనీలో మాకు స్థలం ఇచ్చేరన్నయ్యా, పునాది వేసేం. ఈ యేడు అక్కడికెళిపోతాం."

నాయన నావైపు చూశాడు. ఆ చూపులో నాకు చర్ల నాలుగెకరాలూ కనిపించాయి, బోరుతో సహా.

"ముందుగాల నీళ్ళు చూపించుండ్రి" అంది అత్త, చెంబు తీసుకుని లేస్తూ.

పోలమ్మ మమ్మల్ని వీధి చివరి కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. రోజు విడిచి రోజు వస్తాయట నీళ్ళు, ఆ రోజు రాని రోజు. అత్త కుళాయి తిప్పింది. కిందికి వంగి లోపలికి చూసింది. చెంబుతో ఒకటి కొట్టింది. చుక్క లేదు.

"ఇది గొట్టం. నీళ్ళేవి?"

"రేపొస్తాయొదినా."

"గంత నీళ్ళు ఇంటి ముందట పెట్టుకొని గొట్టం చూపిస్తరేంది?"

పోలమ్మ పగలబడి నవ్వింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు కూడా నవ్వారు. పల్లెటూరి పెద్దామె సరసమాడిందనుకున్నారు. అత్త నవ్వలేదు. మా అత్తకు వాగు తెలుసు, చెరువు తెలుసు, బావి తెలుసు. ఇంటి ముందర నీళ్ళుంటే పిల్ల ఆ నీళ్ళకే పోతుంది, ఇంకెక్కడికి పోతుంది? అవి తాగే నీళ్ళు కావని చెప్పాలని ఎవరికీ తోచలేదు. పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతి ఎవరైనా చెప్తారా?

ఇంటికొచ్చాం. లోపల చేపలు వేగుతున్నాయి. పోలమ్మ ఆకులు వేసింది. అత్త ఆకు ముందు కూర్చోలేదు, నాయనా కూర్చోలేదు. నూకరాజు రేపు పొద్దున దాకా ఉండిపొమ్మంటున్నాడు, నాయన రైలుంది అంటున్నాడు. నేను ఇద్దరి మొహాలూ చూస్తున్నాను. ఒకసారి పక్కకి చూసేసరికి అత్త లేదు. చెంబూ లేదు.

పరుగెత్తాను. గట్టు దిగి, ఎర్రజెండాల తాడు కిందనుంచి దూరి, ఆమె అప్పటికే తడి ఇసుక మీదికి పోయింది. దడిలోంచి సరుగుడు కర్ర ఒకటి పీక్కుంది. వాగు దాటడానికి మా వాళ్ళు చేసేదే: కర్ర ఎగువకు నాటి, ఒళ్ళు పక్కకు తిప్పి, వరద వచ్చే వైపు వాలి నిలబడాలి. అలా నిలబడితే మొలలోతు వాగు కూడా మనిషిని కదపలేదు.

"అత్తా! రా ఇటు!"

"అరవకే. తగ్గింది, సూడు."

నిజంగానే తగ్గింది. కాసేపు చిన్న చిన్న కెరటాలే వచ్చాయి, కాళ్ళు నాకి పోయేట్టు. మా వాగు ఒకసారి తగ్గితే తగ్గినట్టే. ఇది తగ్గినట్టు తగ్గి మళ్ళీ వస్తుందని మాకెలా తెలుస్తుంది? ఆమె వంగి చెంబు ముంచింది. నేను చేరుకుని కొంగు పట్టుకున్నాను.

అప్పుడు పెద్ద కెరటం లేచింది. మొదట చప్పుడు ఆగింది, తర్వాత ఎండ ఆగింది. అత్త కర్ర నాటి ఎదురు వాలింది. కెరటం మా నడుముల మీద విరిగింది. ఆమె కదల్లేదు. నిజం చెప్తున్నాను, డెబ్బై దగ్గరి మనిషి గుంజలా నిలబడింది. "సూసినవా" అని కూడా అంది.

కానీ వాగులో నీళ్ళు ఒక దిక్కే పోతాయి. ఇవి వెనక్కి వచ్చాయి. మేం ఎదురుగా వాలి ఉన్నాం, నీళ్ళేమో వీపు వైపు నుంచి కాళ్ళ కింద ఇసుకతో సహా లాగేశాయి. అత్త ముందుకు బోర్లా పడింది. కర్ర పోయింది. కొంగు నా చేతిలో ఉంది కాబట్టి నేనూ పోయాను. ముక్కులో, చెవుల్లో, నోట్లో ఉప్పు. ఎటు పైనో ఎటు కిందో తెలియలేదు. చేతిలో కొంగు మాత్రం వదల్లేదు. తర్వాత చూస్తే కొంగు ఉంది, అత్త లేదు. చీర చిరిగిపోయింది.

ఒడ్డు నుంచి పోలమ్మ గొంతు వినపడింది. కెరటం హోరు మీద కూడా వినపడే గొంతు అది.

"లెగకు! కూకో! ఇసుకలో చేతులు పెట్టి కూకో! కెరటం తెస్తాది, అప్పుడు లెగు!"

కూర్చున్నాను. మోచేతుల దాకా ఇసుకలో గుచ్చాను. తర్వాతి కెరటం నన్ను ఎత్తి విసిరింది. ఎవరో నా జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. పోలమ్మే. చీర మోకాళ్ళ పైకి దోపుకుని నడుము లోతులో నిలబడి ఉంది. నన్ను ఇసుక మీద పడేసి, చూడకుండా మళ్ళీ నీళ్ళవైపు తిరిగింది.

నూకరాజు నడుముకు తాడు కట్టుకుని అప్పటికే లోపలున్నాడు. ఒడ్డున అతని తండ్రి, పక్కింటి వాళ్ళు వరసగా తాడు పట్టుకున్నారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. అందరికీ ఎవరెక్కడ నిలబడాలో తెలుసు. అత్త తల ఒకసారి తెల్లగా తేలింది, మునిగింది. నూకరాజు మునిగాడు. నాయన గట్టు మీద నుంచి "అక్కా, అక్కా" అని అరుస్తూనే ఉన్నాడు. అప్పుడే అతని తండ్రి ఆ రోజంతటికీ ఒకే ఒక్క మాట అన్నాడు: "లాగండి!"

అందరూ లాగారు. ఇద్దరూ వచ్చారు.

అత్త బోర్లా పడి దగ్గింది, నీళ్ళు కక్కింది, మళ్ళీ దగ్గింది. నేను ఆమె వీపు మీద పడి ఏడుస్తున్నాను. ఆమె మొదటి మాట, "నా చెంబు."

చెంబు పోయింది. ఇంకేమీ పోలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఓలమ్మో, ముసిల్దానివి, నీకు బుద్ధుందా? జెండా కనపళ్ళేదా? తాడు కనపళ్ళేదా? పొద్దున్నించీ హోరు మోగిపోతంటే చెవులకి వినపళ్ళేదా?" అని పోలమ్మ తిట్టడం మొదలుపెట్టింది. తిడుతూనే అత్తను చంటిపిల్లలా ఎత్తి ఇంట్లోకి తీసుకెళ్ళింది. తిడుతూనే వేడినీళ్ళు పోసింది, జుట్టు తుడిచింది, తన చీర కట్టింది, అల్లం టీ తాగించింది. మా అత్తను తిట్టిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. మా ఊళ్ళో సర్పంచి కూడా ఆమె ముందు గొంతు తగ్గించి మాట్లాడతాడు. ఆమె నోరెత్తకుండా కూర్చుంది.

నాయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

"సంచి తియ్యి బిడ్డా, పోదాం. మంచోళ్ళే, కాదంటలే. కాని ఈ నీళ్ళ పక్కన నా బిడ్డనుంచ."

నూకరాజు తడి బట్టలతో గోడకానుకుని ఉన్నాడు. మోచేయి గీరుకుని రక్తం వస్తోంది. నేను సంచి తీశాను. ఏడవనని ముందే ఒప్పుకున్నాను కదా.

"కూసో తమ్మీ" అంది అత్త.

"ఇంకేంది అక్కా? నువ్వు పోతివి ఇయ్యాల."

"పోలే గదా. కూసో." టీ గ్లాసు కింద పెట్టింది. "మీ బావ పోయిన నాడు ఒడ్డు మీద ఎంతమంది ఉండిరి?"

మా మామ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. సంత నుంచి వస్తూ మా వాగులోనే పోయాడు. నేనప్పుడు చాలా చిన్నదాన్ని. నాయన తల దించుకున్నాడు. ఆ రోజు ఒడ్డు మీద నాయన కూడా ఉన్నాడని నాకప్పుడే తెలిసింది.

"నిన్ను అంటలేను" అంది అత్త. "దిగితే నువ్వు గూడ పోయేటోడివి. మనకు దిగుడు తెల్వది, తాడు పట్టుడు తెల్వది. మన వాగే, పుట్టినకాణ్ణుంచి సూసిన వాగే, అయినా అందరం నిలబడి సూస్తిమి. ఈడ నేనెవర్ని? ఇంకా చుట్టాన్ని గూడ కాను. ఈమె నడుంలోతు దిగింది. పోరడు మునిగిండు. ఒక్కడు ఉర్కలేదు, ఒక్కడు అయ్యో అనలేదు. తాడు పట్టిండ్రు." ఊపిరి తీసుకుంది. "చెంబుతోని తాగాలె అంటరు. నేను కడుపు నిండ తాగిన. నీళ్ళు చూసిన తమ్మీ."

గూట్లో గ్లాసులు గలగలమన్నాయి.

"అంటే ఏటి?" అంది పోలమ్మ, నూకరాజు వైపు తిరిగి మెల్లగా. ఆమె మెల్లగా మాట్లాడటం అదే మొదటిసారి.

"అంటే సరే అని అమ్మా" అన్నాడు నూకరాజు. అని వెంటనే పెరట్లోకి వెళ్ళిపోయాడు. మొహం కడుక్కుంటున్న చప్పుడు చాలాసేపు వినపడింది.

"అయితే ఒకటి" అంది అత్త. "ఆ నీళ్ళు ఉప్పు. నా కోడలు వాటి జోలికి పోదు. కొత్తింటి కాడ ఓ పెద్ద డ్రమ్ము పెట్టించుండ్రి, ఆ గొట్టం రాని రోజుకు. ఇగ అన్నం పెట్టుండ్రి, పాణం పోతంది."

నాయన చెప్పులు విప్పి, ఆకు ముందు కూర్చున్నాడు. మూడుసార్లు వడ్డించుకున్నాడు చేపల పులుసు. నేనైతే ఎన్నిసార్లో చెప్పను.

తర్వాత జెండాల దగ్గరుండే కాపలా అతను వచ్చి అందరినీ కేకలేశాడు. అత్త చేతులు జోడించి "తప్పయింది కొడకా" అంది. మీరు కూడా ఇది గుర్తుపెట్టుకోండి: ఎర్రజెండా ఉంటే ఆకాశం వైపు చూడొద్దు. తుఫాను వందల మైళ్ళ అవతలున్నా సముద్రం దాని మాటే వింటుంది.

సాయంత్రం అయిదింటికి బయల్దేరాం. పోలమ్మ ఒక గోనెసంచి నిండా ఎండు చేపలు కట్టి ఇచ్చింది. నూకరాజు భీమిలి దాకా వచ్చి బస్సెక్కించాడు. "జాగ్రత్తగా ఎల్లండి మావయ్యా" అన్నాడు. నాయన ఈసారి ఏమీ అనలేదు. రాత్రి అదే లాడ్జి. పొద్దున ఏడు లోపే కిరండూల్ రైలు.

రైల్లో మా చుట్టూ రెండు సీట్ల మేర ఎవరూ కూర్చోలేదు. ఎండు చేపల మహిమ. ఒక బట్టల వ్యాపారి ముక్కు మూసుకుని, "యే క్యా లే జా రహే హో భాయ్?" అన్నాడు. "పెళ్ళి సామాను" అన్నాడు నాయన తెలుగులోనే, గర్వంగా. ఆ మాట విని నేను కిటికీ వైపు తిరిగిపోయాను. జగదల్పూర్ చేరేసరికి తుఫాను ఎక్కడో దూరంగా తీరం దాటి బలహీనపడిందని ఎవరి ఫోన్‌లోనో వార్త వచ్చింది. నూకరాజు కూడా మెసేజ్ పెట్టాడు, కెరటాలు దిగాయని, మళ్ళీ పడవలు దించుతున్నారని.

సొరంగాల్లో అత్త నా చెయ్యి పట్టుకోలేదు. హాయిగా నోరు తెరిచి నిద్రపోయింది, పోలమ్మ చీరలోనే. నాయన బయటికి చూస్తూ చూస్తూ, "నాట్లు అయినంక పెట్టుకుందాం" అన్నాడు. ఏది పెట్టుకుందామో చెప్పలేదు.

నేను చూసిన సముద్రం గురించి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అందంగా ఉంటుందంటారు. నాకు దాని పక్కన బతికే మనుషులే ఎక్కువ గుర్తున్నారు. భయపడాల్సినప్పుడు పడవల్ని రోడ్డెక్కిస్తారు, దిగాల్సినప్పుడు దిగుతారు, దిగేముందు నడుముకు తాడు కట్టుకుంటారు. నేనూ నేర్చుకుంటాను. తీరికగా నేర్చుకోవచ్చు, ఇప్పుడు తొందరేం లేదు.

రాత్రి గీదంలో చిన్నమ్మ ఇంట్లో ఆగి, మర్నాడు మధ్యాహ్నానికి ఆవపల్లి చేరాం. అమ్మ అత్త మొహం చూసి, నా మొహం చూసి, చేపల సంచి అందుకుంది.

సంబంధం కుదిరితే మా దగ్గర ఇంటింటికీ బెల్లం పంచుతారు. నాయన బీజాపూర్ సంత రోజున తెస్తానన్నాడు. సంతకు ఇంకా చాలా రోజులుంది. నాకు అంత ఓపిక లేదు. తెల్లారగానే లేచి బుట్టలో ఎండు చేపలు సర్దుకుని మొదటి గుమ్మం ముందు నిలబడ్డాను. ఎదురింటి అవ్వ చేపను వాసన చూసి, "బెల్లమేదే పిల్లా?" అంది.

"మా అత్తకు నోట్ల ఇంకా ఉప్పే ఉన్నదంట అవ్వా. తీపి పెళ్ళికి" అని, ఇంకో రెండు చేపలు ఆమె చేటలో వేసి, పక్కింటికి నడిచాను.